పాత నగరపు బడులు - యంత్రపాఠములు

గణితమును, ప్రకృతి శాస్త్రములను మారుమూల పాఠశాలలకు యంత్రముల మూలమున చేర్పవలెనను సంకల్పము మన రాష్ట్రమున మరల బలపడుచున్నది. 2025 సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వమువారు పలు సంస్థలతో ఒడంబడికలు చేసికొని, ప్రాథమిక తరగతులలో కృత్రిమ మేధ సహాయమున చదువును, లెక్కలను నేర్పు పద్ధతిని వ్యాపింపజేయుటకును, పై తరగతులకు ఖాన్ అకాడమీ పాఠములను అందించుటకును పూనుకొనిరి. సంకల్పము మంచిదే. లెక్కల పంతులు లేని బడిలో తెరపైనైనను ఒక పాఠము వెలుగుట సంతోషింపదగిన విషయమే. కాని ఇట్టి ఆరంభములను మన ప్రాంతము అర్ధశతాబ్దముగా చూచుచున్నది. వానిలో నిలిచినవి ఎన్ని, నిలువనివి ఏల నిలువలేదు అని విచారింపకుండ మరియొక ఆరంభమునకు హారతి పట్టుట మాకు సమ్మతము కాదు.

మారుమూల యనగానే మన మనస్సునకు ఆదిలాబాదు అడవులును, నల్లమలలోని చెంచుగూడెములును తట్టును. అవి మారుమూలలనుటలో సందేహము లేదు. కాని మూసీనదికి దక్షిణమున, చార్మినారు చుట్టును గల పేటలలోని ప్రభుత్వ పాఠశాలలలో అనేకమును మారుమూలలే యని మేము చెప్పుచున్నాము. 1998లో సైబర్ టవర్స్ తెరువబడిన మాదాపురము చార్మినారునకు సుమారు 20 కిలోమీటర్ల దూరముననే కలదు. లోకమందలి గొప్ప సంస్థలకు కంప్యూటరు పనులు చేసిపెట్టు నగరభాగము అది. అదే నగరమున ఈవలి ఒడ్డున అద్దె ఇండ్లలో, ఇరుకు గదులలో, ప్రయోగశాలకు చోటు లేక నడచు బడులు కలవు. ఆ గల్లీలకు విద్యుత్తు తీగ పోయినది, ఆటో పోవుచున్నది, సెల్‌ఫోను సంకేతమును అందుచున్నది. అందనివి లెక్కల మాస్టరు, శాస్త్రప్రయోగము, పిల్ల ఇంట మాటలాడు భాషలో పాఠము. దూరమును మైళ్ళతో గాక వీనితో కొలిచినచో పాత నగరమునకును, నల్లమలకును అట్టే భేదము కనబడదు.

ఉపాధ్యాయుల కొరత ఊహ కాదు. 2024లో 11,062 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన వెలువడి, నియామకములును జరిగెను. అది మెచ్చదగిన పని. అయినను ఉర్దూ మాధ్యమపు పదవులలో కొన్ని, వానిని కేటాయించిన వర్గములలో ఆ భాషలో చదివిన అభ్యర్థులు లభింపక మిగిలిపోవుచున్నవను మొర చాల కాలముగా వినబడుచున్నది. దీని ఫలము పిల్లలు అనుభవింతురు. లెక్కల పంతులు లేని బడిలో 10వ తరగతి ముగించిన బాలిక ఇంటర్మీడియట్టులో గణితమును గాని భౌతికశాస్త్రమును గాని ఏ ధైర్యముతో కోరగలదు? ఇంజనీరింగు, వైద్యము, పరిశోధన అను దారులు ఆమెకు పదునైదవ యేటనే మూసికొనిపోవును. ఆ దారి మూసినవారెవరని అడిగిన ఎవరును జవాబుదారులు కారు. పిల్లకు లెక్కలు రావని మాత్రము ఇంటిల్లిపాదియు నమ్ముదురు.

ఈ లోటును యంత్రముతో పూరించు ప్రయత్నములలో మొదటిది మన దేశమునకే కీర్తి తెచ్చినది. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు, అమెరికా అంతరిక్ష సంస్థ అరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమైనవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశము ఒకటి. తెలుగు కార్యక్రమములు తయారుచేసిన కేంద్రము హైదరాబాదు. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు ప్రసారములు జరిగెను. ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్రమును బోధించు విధమును సయితము ఆ తెరపైననే నేర్పిరి. విద్యుత్తే సరిగా లేని పల్లెలలో ఉపగ్రహ పాఠము వినబడుట ఆనాడు అద్భుతము. కాని ఏడాది గడువు తీరగానే అరువు ఉపగ్రహము తన దారిని పోయెను. మన శాస్త్రజ్ఞులు ఆ అనుభవమును వృథా పుచ్చలేదు, తరువాత స్వదేశపు ఉపగ్రహములను నిలిపిరి. పల్లె బడికి మాత్రము ప్రతిదినము వచ్చుచుండిన ఆ పాఠము నాటితో ఆగిపోయెను.

రెండవ యత్నము కంప్యూటరుది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 5,000 ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు గదులను నెలకొల్పి, నడుపు భారమును అయిదేండ్ల గడువుతో ప్రైవేటు సంస్థల కప్పగించిరి. బోధకులు సంస్థల మనుషులు, జీతము ఒప్పందపుది. 2013లో గడువు ముగిసినది, బోధకులు ఇండ్లకు పోయిరి, యంత్రములు బడికి దక్కినవి. చెడిన మీటను బాగుచేయుటకు పద్దు లేదు. గది తాళపుచెవి ఎవరివద్ద నుండవలెనో కూడ తేలని బడులు లేకపోలేదు.

మూడవది కోవిడ్ కాలపు యత్నము. 2020 సెప్టెంబరు 1వ తేదీ నుండి తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు మొదలైనవి. బడులు మూతపడిన వేళ అదియే దిక్కయ్యెను, ఆ పాఠములు చెప్పిన ఉపాధ్యాయుల శ్రమను మేము తక్కువ చేయము. కాని టెలివిజను తెర ప్రశ్నను వినదు. భిన్నముల కూడికలో చిక్కుకొనిన బాలుని కొరకు అది ఆగదు. ఒక గదిలో నలుగురు పిల్లలు, ఒక టెలివిజను, తండ్రి చేతిలో ఒక ఫోను గల ఇంటిలో ఏ తరగతి పాఠము ఎవరికి అందెనో తల్లిదండ్రులు ఎరుగుదురు.

నాలుగవది పొరుగు రాష్ట్రపు ట్యాబులు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 8వ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులను, అందు బైజూస్ సంస్థవారి పాఠములను నింపి పంచిపెట్టిరి. బీదవాని బిడ్డకు ధనికుని బిడ్డ చదువు పాఠమే అందవలెనను ఉద్దేశము ఉదాత్తమైనదే. రెండేండ్లు నిండకమునుపే, 2024 జూలైలో, ఆ సంస్థ దివాలా విచారణ పాలయ్యెను. పాఠ్యక్రమము మారినపుడు ఆ పాఠములను సవరింపవలసిన వారెవరు? పాఠమునందు తప్పు దొరకినచో ఉపాధ్యాయుడు ఎవరికి వ్రాయవలెను? ప్రభుత్వపు బడి పాఠము ఒక వర్తక సంస్థ ఖాతాపుస్తకముతో ముడిపడినపుడు పుట్టు ప్రశ్నలివి.

ఈ నాలుగు యత్నములకును సంకల్పదోషము లేదు, ధనలోపమును ముఖ్యకారణము కాదు. అన్నిటను పాఠము అరువుగా వచ్చినది, గడువు తీరగానే పోయినది. ఉపాధ్యాయుడు ఆ పాఠమునకు యజమాని కాలేదు, తెరకు ప్రక్కన నిలుచుండిన కావలివాడయ్యెను. ఇదియే మేము ముఖ్యముగా చెప్పదలచినది: యంత్రపాఠము నిలుచుట యంత్రపు బలమును బట్టి గాక, అది ఎవరి సొత్తు, ఎవరి భాషలో నున్నది, ఎవరి చేతిలో నున్నది అనుదానిని బట్టి యుండును.

దీనికి తార్కాణము మన రాష్ట్రముననే కలదు. టాటా ట్రస్టుల ప్రోత్సాహమున ముంబయి టాటా సామాజిక శాస్త్ర సంస్థయు, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయు కలిసి క్లిక్స్ అను ప్రయత్నమును 2016 ప్రాంతమున నాలుగు రాష్ట్రములలో ఆరంభించినవి. తెలంగాణమున సుమారు 300 ప్రభుత్వ పాఠశాలలు అందు చేరెను. వారు బడి గదిలోనే చిన్న సర్వరు నుంచి, ఇంటర్నెట్టు లేకున్నను పాఠము నడచునట్లు చేసిరి. రేఖాగణిత పాఠములో చతుర్భుజములు దొంగలవలె దాగియుండగా విద్యార్థులు పోలీసులై ప్రశ్నలడుగుదురు. నీ భుజములన్నియు సమానమా? నీ కోణములు లంబములా? ఆ జవాబులను బట్టి దొంగను పట్టవలెను. నిర్వచనమును వల్లించిన పిల్లవాడు ఇచట గెలువడు, లక్షణము నెరిగినవాడు గెలుచును. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒక యంత్రమువద్ద కూర్చుండి తర్కించుకొందురు. ఉపాధ్యాయులకు ప్రత్యేక శిక్షణయు జరిగినది. 2017 సంవత్సరమునకు యునెస్కోవారి బహుమానమును ఈ ప్రయత్నము గడించినది. అయినను ఇందులోని పాఠములు వెలసినది హిందీ, తెలుగు, ఇంగ్లీషు భాషలలో. పాత నగరమున ఉర్దూ మాధ్యమమున చదువు బాలికకు ఈ మంచి పాఠము సయితము పరభాషా పాఠమే.

యంత్రపాఠములు పనికిమాలినవని మేము వాదించుట లేదు. ఏవి పనికివచ్చునో, ఏవి రావో ఇప్పటికి లోకానుభవము తేల్చినది. దక్షిణ అమెరికాలోని పెరూ దేశము పిల్లలకు లక్షలకొలది చిన్న కంప్యూటర్లను పంచిపెట్టెను. 319 పల్లె పాఠశాలలలో జరిపిన పరిశీలన వలన గణితమునను, భాషయందును చెప్పుకోదగిన ప్రగతి కానరాలేదు. 2015లో ధనికదేశముల కూటమి యైన ఓఈసీడీ ప్రకటించిన నివేదికయు, పాఠశాలలలో కంప్యూటర్లపై అధికధనము వెచ్చించిన దేశములు ఆ కారణమున చదువులో ముందంజ వేయలేదనియే చెప్పినది. మరియొక ప్రక్క ఢిల్లీలో మాధ్యమిక తరగతుల పిల్లలపై జరిగి 2019లో ప్రకటింపబడిన పరిశోధన వేరు కథ చెప్పినది. అచట యంత్రము మొదట పిల్లవానిని పరీక్షించి, అతడు నిజముగా ఏ మెట్టుపై నున్నాడో ఆ మెట్టునుండి లెక్కలు నేర్పెను. నాలుగున్నర మాసములలో ఆ పిల్లలు గణితమున ఇతరులకంటె ఇంచుమించు రెండింతల ప్రగతి సాధించిరి. 6వ తరగతి పిల్లవాడు సగటున రెండున్నర తరగతుల వెనుక నున్నట్లును అప్పుడే తేలినది. మరువరాని మాట యొకటి: అచట యంత్రముతోపాటు చిన్న జట్లకు సహాయపడు మనిషియు ఉండెను.

వీనినుండి నేర్వదగినది స్పష్టము. పంచిపెట్టిన పెట్టె చదువు కాదు. వెనుకబడిన పిల్లను తన మెట్టువద్ద పట్టుకొని, తన భాషలో, మనిషి అండతో ముందునకు నడిపించు పాఠము చదువగును. ఫోను చేతికి వచ్చినంత మాత్రమున విద్య రాదనుటకు 2024 అసర్ నివేదికయే సాక్షి. దేశమందలి గ్రామములలో 14 మొదలు 16 ఏండ్ల పిల్లలలో నూటికి 82 మంది స్మార్ట్‌ఫోను వాడుట నెరుగుదురు. వారము దినములలో దానిని చదువు కొరకు వాడినవారు నూటికి 57 మంది, సామాజిక మాధ్యమముల కొరకు వాడినవారు 76 మంది. పట్టణములో స్థితి ఇంతకంటె మేలుగా నుండునని ఏ తండ్రియు పందెము కాయలేడు.

ఇక విజ్ఞానశాస్త్రము సంగతి. తెరపై ఆమ్లమును క్షారముతో కలిపి రంగు మార్చుట చూపవచ్చును. అది చూచిన పిల్ల వార్త వినినట్లు వినును, తన చేతితో కలిపిన పిల్ల నమ్మును. చిత్తూరు జిల్లా కుప్పము కేంద్రముగా పనిచేయు అగస్త్య సంస్థవారు ప్రయోగ సామగ్రిని బండ్లలో పెట్టి పల్లె బడులకు కొనిపోవుచున్నది ఇందుకే. పాత నగరపు పిల్లలకు బండి రాకముందే సగము ప్రయోగశాల వీధిలో నున్నది. లాడ్ బజారున లక్కను నిప్పుసెగపై మెత్తపరచి గాజు చుట్టుట పదార్థస్థితుల పాఠము. అదే గాజుకు దారము చుట్టి కొలిచినచో వృత్తపరిధికిని, వ్యాసమునకును గల నిష్పత్తి దొరకును. వెండిని సుత్తెతో కొట్టి వరఖ్‌గా సాగదీయుట లోహగుణముల పాఠము. చార్మినారు నెక్కకయే, నాటిన కర్ర నీడను మీనారు నీడతో పోల్చి దాని యెత్తును లెక్కించుట సరూప త్రిభుజముల పాఠము. తెర చేయవలసిన పని ఈ పాఠమును ఉపాధ్యాయునకు గుర్తుచేయుట, సందేహము తీర్చుట, కంటికి కనబడని అణువును, గ్రహగతిని చూపుట. పిల్లను వీధినుండి వేరుచేసి తెరకు కట్టివేయుట దాని పని కాదు.

భాష సంగతి వచ్చినది గనుక పాత నగరపు చరిత్రను ఒక్కమారు తలచుకొందము. 19వ శతాబ్ది పూర్వార్ధముననే నవాబు ఫక్రుద్దీన్ ఖాన్ షంసుల్ ఉమరా పాశ్చాత్య శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి అనువదింపజేసి తన శిలాముద్రణాలయమున అచ్చువేయించెను. 1901లో నవాబు జఫర్ జంగ్ ఈ నగరపు ఫిసల్‌బండలోనే పెద్ద దూరదర్శినిని ప్రతిష్ఠించెను. అదియే తరువాత నిజామియా వేధశాలయై, నక్షత్రపటమును సిద్ధపరచు అంతర్జాతీయ కార్యమున భాగము వహించెను. 1917లో నెలకొల్పబడిన అనువాదశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు గణిత, భౌతిక, వైద్యశాస్త్ర గ్రంథములను ఉర్దూలో సమకూర్చెను. ఆ వ్యవస్థలో మెజారిటీ ప్రజల భాష యగు తెలుగునకు జరిగిన అన్యాయమును మేము మరువలేదు. 1921లో ఇదే నగరమున ఒక సభలో తెలుగున మాటలాడబోయిన వక్తకు అవమానము జరుగగా ఆంధ్ర జనసంఘము పుట్టిన కథ పాఠకులెరిగినదే. మాతృభాషలో చదువు కొరకు అంతగా పోరాడిన మనము, అదే లోటు నేడు ఉర్దూ బాలికకు కలుగుచుండగా ఊరకుండుట ధర్మము కాదు. గోండు బాలుని విషయమును ఇట్టిదే.

తల్లిదండ్రులు ఇంగ్లీషునే కోరుచున్నారు, మాతృభాషా పాఠమెవరికి కావలెనని కొందరు అడుగుదురు. కోరుట నిజమే, ఆ కోరికను తప్పనలేము. 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టినపుడు ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట పిల్ల భాష యుండు ద్విభాషా పుస్తకములను ప్రభుత్వమే అచ్చువేసెను. అచ్చుపుస్తకమునకు తగిన పద్ధతి తెరపాఠమునకు ఏల తగదు? ఇంగ్లీషు పదమును నేర్పుడు, భావమును మాత్రము పిల్ల భాషలో విప్పిచెప్పుడు.

ధనము లేదనువారును కలరు. 2022లో మన ఊరు - మన బడి పథకమునకు, నగరములలో మన బస్తీ - మన బడికి, మూడేండ్ల వ్యయముగా 7,289 కోట్ల రూపాయలను ప్రకటించినపుడు అందు డిజిటలు విద్యయు ఒక అంగముగా చేర్పబడెను. కొనుటకు పద్దు పుట్టుచునే యున్నది. బాగుచేయుటకు, నడుపుటకు, ఉపాధ్యాయునకు నేర్పుటకు పుట్టుట లేదు. ఎద్దును కొని మేతకు పైకము లేదను రైతును ఎవరు మెచ్చుదురు?

కావున ప్రభుత్వమువారిని మేము కోరునది ఇది. ప్రభుత్వధనముతో గాని, ఒడంబడిక మూలమున గాని బడికి వచ్చు ప్రతి పాఠమును గడువు తీరిన పిదప సయితము బడియందే యుండి, ఉపాధ్యాయులు స్వేచ్ఛగా సవరించుకొనుటకు వీలుగా నుండవలెనని ఒడంబడికలోనే వ్రాయవలెను. తెలుగుతోపాటు ఉర్దూలోను, గోండు మొదలగు గిరిజన భాషలలోను గణిత, శాస్త్రపాఠములను ఆయా ఉపాధ్యాయులచేతనే సిద్ధపరపవలెను. కొన్ని బడులకు కలిపి యైనను యంత్రములను బాగుచేయు ఉద్యోగి నొకని నియమింపవలెను. ఏ బడిలో ఎన్ని యంత్రములు పనిచేయుచున్నవో, వారమునకు ఎన్ని గంటలు పిల్లలు వానిని వాడిరో ఏటేట ప్రకటింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తెర వచ్చినదను నెపమున ఒక్క ఉపాధ్యాయ పదవినైనను ఖాళీగా నుంచరాదు.

ప్రజలు చేయవలసిన పనియు కలదు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య సంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. 2024లో మన రాష్ట్రమున మహిళా సంఘముల ఆధారముతో అమ్మ ఆదర్శ పాఠశాల సంఘములును ఏర్పడినవి. ఒకప్పుడు ఊరిబడికి స్థలమిచ్చి, గది కట్టించిన భూస్వాముల, వర్తకుల మనుమలు నేడు ప్రైవేటు బడులకు పోవుచున్నారు. ఆ కుటుంబముల దృష్టియు వారితోపాటే తరలిపోయినది. తమ పిల్లలు చదువని బడి తమది కాదనుకొనుట పొరపాటు. రేపు ఈ నగరపు వంతెనను లెక్కగట్టువాడు, ఆసుపత్రిలో వారి నాడి చూచునది ఆ బడి పిల్లలే కావచ్చును. చదువరులైన పాఠకులు తమ వీధిలోని ప్రభుత్వ పాఠశాలకు ఈ నెలలో ఒక్కమారు పోయి, కంప్యూటరు గది తాళము తీయించి చూడవలెనని మా ప్రార్థన. దుమ్ము కనబడినచో దాని లెక్కను సంఘమున అడుగవలెను. వెలుగుచున్న తెరముందు పిల్లలు వాదించుకొనుచు కనబడినచో ఆ ఉపాధ్యాయునికి నమస్కరించి, ఆయనకు ఇంకేమి కావలెనో అడిగి రావలెను.